జర్మన్ ఒక్కటే చాలదా

ఇంగ్లండ్ ఉత్తరాన ఒక లోయలో ఉన్న బేకప్ అనే ఊరి బడిలో జిలియన్ హాల్‌స్టెడ్ జర్మన్ చెప్పినన్నాళ్లూ ఆమె చేతి నుంచి మార్కులు ఊరికే రాలింది లేదు. బాగా రాసిన కాగితం చివర కూడా 'ఫరవాలేదు' అని రాసేది. ఆ మాట చూసి ఏడ్చిన పిల్లలున్నారు. పెద్దయ్యాక, ఆ మాట ఎంత బరువైనదో తెలిశాక, వచ్చి చెప్పిపోయినవాళ్లూ ఉన్నారు. ఆ లోయలో మెచ్చుకోలు అలాగే ఉంటుంది. పెళ్లికూతుర్ని చూసి 'చలికి తట్టుకునేలా ఉంది గౌను' అంటారు. అది పొగడ్తే.

తన కాగితాల మీద మాత్రం జిలియన్‌కు 'ఫరవాలేదు' అన్న మాట కూడా దక్కని రోజు ఒకటుంది. బడిలో చివరి ఏడు. జర్మన్‌లో ఆమెను మించిన పిల్ల ఆ ఊళ్లో లేదు. ఆక్స్‌ఫర్డ్‌కు రాస్తానని పెద్ద టీచరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆ రోజుల్లో దానికి వేరే ప్రవేశ పరీక్ష ఉండేది. పెద్ద టీచరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, అక్కడ నువ్వు సుఖపడవమ్మా, మీ నాన్నలా బొగ్గుల బండి నడిపేవాళ్ల పిల్లలకు ఇంకా మంచి చోట్లున్నాయి అని నెమ్మదిగా చెప్పింది. తిట్టినట్టు కాదు, ప్రేమగానే. జిలియన్ థాంక్యూ చెప్పి మరీ బయటికొచ్చింది. ఉత్తరాదిలోనే ఇంకో విశ్వవిద్యాలయంలో చదివి, తిరిగి బేకప్ వచ్చి, బస్సు డ్రైవరు రాయ్‌ను పెళ్లాడి, అదే లోయలో జర్మన్ పాఠాలు చెప్పుకుంది. కొరత ఏమీ లేదు. ఒక్కటే గుచ్చుకునేది: ఆ పరీక్ష రాసి ఉంటే తనకెన్ని మార్కులు వచ్చేవో ఇక ఎప్పటికీ తెలియదు. తప్పినా బాగుండేది. తప్పానని తెలిసేది.

బడి నుంచి విరమించబోయే ముందు ఏడాది టెగన్ ట్యాటర్‌సాల్ తగిలింది. తగలడం అంటే, పదకొండేళ్లప్పటి నుంచీ ఆమె తరగతిలోనే ఉన్న పిల్ల. తల్లి రెండో పెళ్లి చేసుకుని దక్షిణాదికి వెళ్లింది. టెగన్ తాత క్లిఫర్డ్ దగ్గర పెరిగింది. క్లిఫర్డ్ జీవితమంతా చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇంట్లో తొడుక్కునే మెత్తటి చెప్పులు. ఫ్యాక్టరీ మూతపడినా ఆయన కాళ్లకు ఇంకా అక్కడివే ఉంటాయి.

ఆ పిల్లకు జర్మన్ పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. ఫోన్‌లో ఉత్తర జర్మనీ రేడియో పెట్టుకుని, చెవిలో ఆ మాటలు పోసుకుంటూ బస్సులో తిరిగేది. పాటలు రావు అందులో. ఏ రోడ్డు మీద ఎంత దూరం వాహనాలు ఆగిపోయాయో చెబుతుంటారు. ఎందుకు వింటావు అదంతా అని జిలియన్ అడిగితే, వాళ్లు తొందరలో ఉంటారు మిస్, తొందరలో ఉన్నవాళ్లు నిజంగా మాట్లాడతారు అంది.

క్లిఫర్డ్ ఒకసారి తల్లిదండ్రుల సమావేశానికి వచ్చి, "హానోవర్ దగ్గర రోడ్డు ఎప్పుడు తెరుస్తారో మా పిల్లకు తెలుసు టీచరమ్మా. బేకప్‌కు బస్సు ఎప్పుడొస్తుందో మాత్రం దేవుడిక్కూడా తెలీదు" అన్నాడు. డ్రైవరు భార్యనని జిలియన్ నవ్వుతూ గుర్తు చేసింది. తెలిసే అన్నానన్నాడు ఆయన.

పై తరగతికి వచ్చేసరికి జర్మన్ తీసుకున్నది టెగన్ ఒక్కతే. ఒక్క పిల్ల కోసం బడి పట్టికలో గంట కేటాయించలేమన్నారు. జిలియన్ తన మధ్యాహ్నం తిండి వేళ ఇచ్చేసింది. సుద్దముక్కలూ కాగితాల కట్టలూ పెట్టే చిన్న గదిలో, రెండు కుర్చీలు వేసుకుని, శాండ్‌విచ్‌లు తింటూ చదువుకునేవాళ్లు. తను విరమించాక బడిలో జర్మన్ ఉండదని జిలియన్‌కు ముందే చెప్పేశారు. వెళ్లేలోపు ఒక్కరిని, ఒక్కరినైనా, ఆక్స్‌ఫర్డ్‌కు పంపాలన్న కోరిక ఆమెలో ఎప్పుడు మొదలైందో గానీ, ఆ గదిలో మాత్రం అది గట్టిపడింది.

ఆక్స్‌ఫర్డ్‌లో భాషలు చదవాలంటే అక్టోబరు నడుమకల్లా దరఖాస్తు పెట్టాలి. నవంబరు మొదట్లో ఎవరి బళ్లో వాళ్లు కూర్చుని ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ మార్కులు చూసి డిసెంబరులో కొందరిని పిలిచి మాట్లాడతారు. జనవరిలో జవాబు చెబుతారు. దరఖాస్తులో ఏ భాష అడిగితే ఆ భాషలో పరీక్ష. బడిలో చదవని కొత్త భాష కూడా జోడించి అడగొచ్చు. అప్పుడు ఇంకో భాగం అదనంగా రాయాలి. అందులో ఎవరికీ రాని, ఎక్కడా లేని, పరీక్ష కోసమే కల్పించిన భాష ఒకటి ఇస్తారు. నాలుగు వాక్యాలు చూపించి ఐదోది నువ్వే కట్టమంటారు.

వేసవి సెలవుల ముందు పాత ప్రశ్నపత్రం ఒకటి ఇచ్చి, గడియారం పెట్టి, టెగన్‌తో రాయించింది జిలియన్. ఇంటికి తెచ్చి, వంటగది బల్ల మీద ఎర్ర పెన్నుతో దిద్దింది. ఎనభై ఒకటి వచ్చాయి. నమ్మకం కుదరలేదు. మళ్లీ దిద్దింది. మళ్లీ అంతే. సంతోషించాల్సిన మనిషికి అనుమానం పట్టుకుంది. ముద్దుచేసే పిల్ల కాబట్టి చేయి జారిందేమో. నేను ఎనభై వేసిన కాగితానికి అక్కడివాళ్లు అరవై వేస్తారేమో. పెద్ద పెద్ద బళ్లలో చదివే పిల్లలు, ఏటా వేసవికి మ్యూనిక్‌లో స్నేహితుల ఇంటికి వెళ్లొచ్చేవాళ్లు, తొంభైలు తెచ్చుకుంటారేమో. బేకప్ నుంచి ఎవరూ వెళ్లింది లేదు. పోల్చి చూసుకోవడానికి ఆమె దగ్గర కొలబద్ద లేదు.

కొలబద్ద లేనివాళ్లు లెక్కలు కడతారు. ఏ కోర్సుకు ఎంతమంది దరఖాస్తు పెడుతున్నారు, ఎంతమందిని తీసుకుంటున్నారు అని జిలియన్ వారాల తరబడి చూసింది. జర్మన్ ఒక్కటే అడిగేవాళ్లు ఎక్కువ. జర్మన్‌తో పాటు టర్కిష్ అడిగేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పలచగా ఉన్న వరసలో నిలబడితే గుమ్మం త్వరగా వస్తుంది కదా అనుకుంది. ఉత్తరాది బళ్లలో ఈ ఎత్తు ఆమె ఒక్కతే వేయలేదు. పిల్లల్ని పైకి పంపాలని తపించే టీచర్లు, తలుపు తమకోసం తెరుచుకోదని చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లు, పక్క కిటికీ వెతుకుతారు. తలుపు తట్టి చూడాలని తోచదు.

సెప్టెంబరులో ఆ చిన్న గదిలో టెగన్‌కు విషయం చెప్పింది. టెగన్ శాండ్‌విచ్ నములుతూ వింది. అంతా విన్నాక ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"జర్మన్ ఒక్కటే అయితే చాలదా మిస్?"

"చాలదని కాదు తల్లీ. ముందుచూపు మంచిది కదా."

"సరే మిస్. మీరు చెబితే సరే" అని టెగన్ మిగతా శాండ్‌విచ్ తినేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రాయ్‌కు చెప్పింది. రాయ్ శనివారాలు గుర్రాల మీద చిన్న చిన్న పందేలు కాస్తాడు. ఆ పందేల్లో రెండు రకాలు. గుర్రం గెలుస్తుందని కాయడం ఒకటి. గెలవకపోయినా రెండోదో మూడోదో వస్తే కాస్తో కూస్తో చేతికొచ్చేలా కాయడం ఇంకొకటి.

"గుర్రం మీద నమ్మకముంటే గెలుపు మీదే కాయాలి జిల్," అన్నాడు రాయ్. "మూడో స్థానానికి కాసేవాడికి దాని మీద నమ్మకం లేనట్టే. ఆ సంగతి గుర్రానికి తెలీదు గనక సరిపోయింది."

టెగన్ గుర్రం కాదని జిలియన్ విసుక్కుంది. నేను అన్నదీ అదే అని రాయ్ బంగాళాదుంపలు వడ్డించుకున్నాడు.

క్లిఫర్డ్ మాత్రం టర్కిష్ కబురు విని వారం రోజులు నవ్వాడు. ఊళ్లో ఒక కబాబ్ కొట్టుంది, ఆ కొట్టువాడితో మాట్లాడుకోవడానికా అని అడిగాడు. ఆయనకు టర్కిష్ రాదు తాతా, ఆయన పుట్టింది ఈ పక్కనే బ్లాక్‌బర్న్‌లో అంది టెగన్. గ్రంథాలయం నుంచి టర్కిష్ నేర్పే పుస్తకం తెచ్చుకుంది. మొదటి పాఠంలో విమానాశ్రయంలో పెట్టె పోగొట్టుకున్నవాడు ఉన్నాడు. రెండో పాఠం దాకా వెళ్లలేదు. బస్సులో మళ్లీ రేడియోనే.

పరీక్ష రోజు ఊరంతా, ఏటా నవంబరు మొదట్లో ఆ దేశంలో కాల్చే బాణసంచా వాసన. బళ్లో ఒక గదికి తాళం తీసి ఆ పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. జిలియన్ బయట వరండాలో తిరుగుతూనే ఉంది. వచ్చాక టెగన్ ముందు జర్మన్ భాగం గురించి చెప్పింది. అది బాగుందట. రెండోది ఎలా ఉందంటే నవ్వేసింది.

"ఆ భాషలో జనాలు ఒకరికొకరు మేకలిచ్చుకోవడం తప్ప ఇంకేం చేయరు మిస్. ఎవరు ఎవరికిచ్చారో కనుక్కునేసరికి టైమైపోయింది. సగం వదిలేశా."

ఇంటి నుంచి చేసి తెచ్చిన అల్లం కేకు ముక్క జిలియన్ ఆ పిల్ల చేతిలో పెట్టింది. సగం వదిలినా ఫరవాలేదులే అంది. ఈసారి ఆ మాటకు పాత బరువు లేదు. భయంతో అన్న మాట అది.

అయినా డిసెంబరులో పిలుపొచ్చింది. బడి వరండాలో పెద్ద ఉపాధ్యాయుడు టెగన్ చేయి పట్టి ఊపాడు. క్లిఫర్డ్ కొత్త కోటు కొన్నాడు మనవరాలికి. వెళ్లి వచ్చాక ఎలా జరిగిందంటే, బాగానే జరిగింది మిస్, అక్కడ చలి మనకన్నా తక్కువ అంది. అంతకుమించి చెప్పలేదు. జనవరిలో, రాలేదన్న జవాబొచ్చింది.

జిలియన్ ఆ రోజు ఆ చిన్న గదిలో చెప్పిన మాటలు తర్వాత ఎన్నోసార్లు నెమరు వేసుకుంది. మనసుకు తీసుకోకు అంది. పోటీ అలాంటిది అంది. పరీక్ష మార్కులే కిందికి లాగి ఉంటాయి, అక్కడికొచ్చేవాళ్ల తీరే వేరు అంది. టెగన్ తలూపి థాంక్యూ మిస్ అంది. ఆ థాంక్యూ ఎక్కడో విన్నట్టు అనిపించింది జిలియన్‌కు. ఎక్కడో అప్పుడు తట్టలేదు.

ఫిబ్రవరిలో ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో టెగన్ దరఖాస్తు పెట్టిన కాలేజీకి ఫోన్ చేసింది. బడి తరఫున అడిగితే మార్కులు చెబుతారని తెలుసు. జర్మన్ ప్రవేశాలు చూసే డాక్టర్ లెవెరెట్ దొరికాడు. మర్యాదస్తుడు. జర్మన్‌లో ఎనభై ఎనిమిది అన్నాడు. కల్పిత భాషలో ముప్పై ఒకటి. ఈ ఏడాది జర్మన్‌లో ఇంత మంచి కాగితాలు నేను ఎక్కువ చూడలేదండీ అని కూడా అన్నాడు.

"మీ అమ్మాయి చాలా నిజాయితీపరురాలు మిసెస్ హాల్‌స్టెడ్. టర్కిష్ ఎందుకు చదవాలనుకుంటున్నావని అడిగాం. అది ఎక్కువమంది అడగరని మా మిస్ చెప్పింది అంది. మేమందరం నవ్వాం. తనూ నవ్వింది."

జర్మన్ ఒక్కటే అడిగి ఉంటే ఏమయ్యేదని జిలియన్ అడిగింది.

"అలాంటి ప్రశ్నలకు మేం జవాబు చెప్పకూడదండీ," అన్నాడు ఆయన. ఫోన్ పెట్టేస్తాడనుకుంది. పెట్టలేదు. "వచ్చే ఏడాది మళ్లీ రాయమనండి. జర్మన్ ఒక్కటే."

ఇంతకన్నా స్పష్టంగా ఆ మనుషులు చెప్పరు. జిలియన్ ఫోన్ పెట్టి, కోటు వేసుకుని, ఆ సాయంత్రమే కొండ ఎక్కి క్లిఫర్డ్ ఇంటికి వెళ్లింది. దారి పొడుగునా చెప్పాల్సినవి పేర్చుకుంది. మొదట తప్పు తనదని చెప్పాలి. తర్వాత మార్కులు చెప్పాలి. ఒక్క ఏడాది ఆగమని ఒప్పించాలి. విరమించినా ఇంటి దగ్గర చెబుతాను, నీకు చెప్పాల్సింది అంతగా లేదు కూడా అని చెప్పాలి.

క్లిఫర్డ్ టీ కలిపి బల్ల మీద పెట్టాడు. జిలియన్ కప్పు ముట్టకుండానే అంతా చెప్పేసింది. టెగన్ అడ్డు రాకుండా వింది.

"మార్కులు నాకు తెలుసు మిస్."

"తెలుసా?"

"జనవరిలోనే అడిగి తెప్పించుకున్నా. మీకు చెప్పలేదు. చెబితే బాధపడతారని."

జిలియన్ తను ఈ పిల్లను కాపాడుతున్నాననుకుంది. ఈ పిల్ల తనను కాపాడుతోంది. మళ్లీ రాయి తల్లీ, ఆయన అంత మాటన్నాడంటే ఇచ్చినట్టే అని బతిమాలింది. టెగన్ తల అడ్డంగా ఊపింది. కోపం లేదు ఆ ముఖంలో. కోపముంటే జిలియన్‌కు తేలికయ్యేది.

"జర్మన్ ఒక్కటే చాలదా అని మిమ్మల్ని అడిగాను మిస్. నా మార్కులు మీకు తెలుసు. నేను రాసింది ప్రతి ముక్కా దిద్దింది మీరే. మీరే చాలదనుకున్నారు."

"చాలదని అనలేదమ్మా నేను."

"అనలేదు. ముందుచూపన్నారు." టెగన్ తాత వైపు చూసి మళ్లీ ఆమె వైపు తిరిగింది. "అక్కడ వాళ్లు నవ్వినప్పుడు నేనూ నవ్వాను. అప్పుడే అర్థమైంది నాకు. నన్ను బాగా ఎరిగిన మనిషే మొదట నమ్మలేదని. ఇంకో నాలుగేళ్లు ఎవరో ఒకరు దిద్దుతుంటే కూర్చోవడం నావల్ల కాదు మిస్."

లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సీటు కూడా వదులుకుంటానంది. దగ్గర్లోని రాటెన్‌స్టాల్‌లో చెప్పుల అడుగులు అతికించే జిగురు చేసే కంపెనీ ఒకటుంది. సరుకు సగం జర్మనీకే పోతుంది. అక్కడివాళ్లతో ఫోన్‌లో మాట్లాడే పనికి మనిషి కావాలన్నారట. వేసవిలో చేరతానంది.

జిలియన్ ఇంకా ఏదో అనబోయింది. క్లిఫర్డ్ ఆమెను గుమ్మం దాకా సాగనంపాడు. గుమ్మంలో నిలబడి, కాలి చెప్పు ఒకటి సరిచేసుకుంటూ, లోపలికి వినపడకుండా అన్నాడు.

"మీ మాట విని ఒకసారి వెళ్లింది టీచరమ్మా. వద్దన్నది తన సొంత మాట. అదైనా ఉండనివ్వండి."

కొండ దిగుతున్నప్పుడు ఆమెకు ఆ థాంక్యూ ఎక్కడిదో గుర్తొచ్చింది. పెద్ద టీచరమ్మ గదిలో తను చెప్పినదే అది. ఇన్నేళ్లూ ఆ కళ్లజోడు మనిషిని తలుచుకుని లోలోపల తిట్టుకుంటూ వచ్చింది. ఆమె కనీసం సూటిగా వద్దంది. తను వెళ్లమంటూనే వద్దంది.

జులైలో జిలియన్ విరమించింది. కేకు కోశారు, పూలకుండీ ఇచ్చారు. సెప్టెంబరు నుంచి ఆ చిన్న గదిలో మళ్లీ కాగితాల కట్టలు మాత్రమే. పై తరగతి పరీక్షలో టెగన్‌కు జర్మన్‌లో అన్నిటికన్నా పై గ్రేడు వచ్చిందని పేపర్లో చూసింది.

తర్వాతి అక్టోబరు మొదట్లో బస్సు స్టాపులో కలిశారు ఇద్దరూ. టెగన్ చెవిలోంచి రేడియో తీసి పలకరించింది. తాత మోకాలు బాగాలేదంది. పని బాగుందంది. హాంబర్గ్ నుంచి ఫోన్ చేసిన పెద్దమనిషి, మీది జర్మనీలో ఏ ఊరమ్మా అని అడిగాడట.

"ఏం చెప్పావు?"

"బేకప్ అన్నా. ఆయన మ్యాప్‌లో వెతుకుతూ ఉండిపోయాడు."

ఇద్దరూ నవ్వారు. దరఖాస్తుల గడువు ఇంకా దాటలేదు. ఆ మాట జిలియన్ నాలుక చివరే ఉంది. గుమ్మంలో క్లిఫర్డ్ అన్నది గుర్తొచ్చి మింగేసింది. బస్సు వచ్చింది. టెగన్ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, మళ్లీ చెవిలో పెట్టుకుంది.

ఇంటికొచ్చి జిలియన్ అటక మీది పెట్టె దింపింది. అందులో పాత ప్రశ్నపత్రాలున్నాయి. ఒకటి తీసి వంటగది బల్ల మీద పరిచింది. రాయ్‌ను తోటలోకి పొమ్మంది. కోడిగుడ్లు ఉడకడానికి పెట్టుకునే గడియారం తిప్పి పెట్టింది. జర్మన్ భాగం మొత్తం, మొదటి ప్రశ్న నుంచి చివరి దాకా, పద్దెనిమిదేళ్ల పిల్లలా తల ఎత్తకుండా రాసింది. గడియారం మోగాక పెన్ను కింద పెట్టింది.

రాయ్ బూట్లకు మట్టితో తలుపు దగ్గరికొచ్చి, ఎన్నొచ్చాయి అని అడిగాడు.

"దిద్దలేదు."

"దిద్దు మరి. నలభై ఏళ్లుగా ఇది తెలుసుకోవాలనే కదా."

జిలియన్ ఎర్ర పెన్ను తీసి డ్రాయరులో చెంచాల పక్కన పడేసి మూసింది.

"నేను దిద్దితే తక్కువే వేస్తాను రాయ్," అని లేచి కెటిల్‌లో నీళ్లు పోసింది.